గ్రీన్ కార్డు మీద వచ్చిన అమ్మానాన్నలకు మెడికెయిడ్ వస్తుందా?

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. నేను అమెరికా పౌరుణ్ణి. మూడేళ్ళ క్రితం అమ్మానాన్నలను గ్రీన్ కార్డు మీద తీసుకువచ్చాను. నాన్నకు 68, అమ్మకు 63. ఇద్దరికీ ఆదాయం లేదు, బీమా లేదు. ఖర్చుకు భయపడి అమ్మ బీపీ మాత్రలు సగానికి విరిచి వేసుకుంటోందని మొన్న మందుల డబ్బా చూస్తే తెలిసింది. వాళ్ళు వేరే ఇంట్లో ఉంటున్నట్టు చూపిస్తే మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) వస్తుందని తెలిసినవారు చెబుతున్నారు. అలా చేయవచ్చా?

జవాబు: ముందు అమ్మగారి మాత్రల సంగతి చూడండి. కేంద్ర ప్రభుత్వ నిధులతో నడిచే సామాజిక ఆరోగ్య కేంద్రాలలో బీమా లేకపోయినా చూస్తారు, ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు. ఈ వారమే తీసుకువెళ్ళండి. చట్టం సంగతి ఆ తర్వాత.

మీకు సలహా ఇచ్చినవారు అసలు అడ్డంకి ఏమిటో గమనించలేదు. మీ అమ్మగారి గ్రీన్ కార్డు తీసి చూడండి. ముందువైపు ‘రెసిడెంట్ సిన్స్’ అన్నచోట ఒక తేదీ ఉంటుంది. 1996 సంక్షేమ చట్టం ప్రకారం ఆ తేదీ నుంచి ఐదేళ్ళు నిండేవరకు సాధారణంగా పెద్దవాళ్ళకు పూర్తి మెడికెయిడ్ ఇవ్వరు. న్యూజెర్సీలో ఈ పథకం పేరు ఎన్‌జే ఫ్యామిలీకేర్. పిల్లలకు, గర్భిణులకు రాష్ట్రం ఈ గడువు తీసేసింది కానీ మీ అమ్మానాన్నలకు అది వర్తిస్తుంది. ఇల్లు మార్చినా ఆ తేదీ మారదు. పైగా లేని ఇంటిని ఉన్నట్టు రాస్తే తప్పుడు ప్రకటన అవుతుంది. రేపు వాళ్ళు పౌరసత్వానికి దరఖాస్తు చేసినప్పుడు సత్ప్రవర్తన ప్రశ్న దగ్గర అదే అడ్డుపడుతుంది. దయచేసి ఆ దారిలో వెళ్ళకండి.

ఐదేళ్ళు నిండినా రెండో అడ్డంకి ఉంటుంది. అది మీ సంతకం. వాళ్ళను పిలిపించేటప్పుడు మీరు ఐ-864 అనే పత్రం మీద సంతకం చేశారు. చాలామంది దాన్ని వీసా కట్టలో మరో కాగితంలా చూసి మరచిపోతారు. నిజానికి అది వాళ్ళను పోషిస్తానని ప్రభుత్వంతో మీరు చేసుకున్న ఒప్పందం. దాన్ని బట్టి మెడికెయిడ్ అర్హత చూసేటప్పుడు మీ జీతాన్ని వాళ్ళ ఆదాయంలో కలపవచ్చు. ఇచ్చిన సాయాన్ని మీ నుంచి వసూలు చేసే హక్కు కూడా ప్రభుత్వానికి ఉంటుంది. వాళ్ళు అమెరికా పౌరులైతే ఈ బాధ్యత ముగుస్తుంది. 40 త్రైమాసికాల (సుమారు పదేళ్ళ) పని లెక్కలోకి వచ్చినా ముగుస్తుంది కానీ, మీరు చేసిన ఉద్యోగం వాళ్ళ లెక్కలో కలవదు. కనుక పౌరసత్వమే మీకు అసలైన దారి.

పౌరులయ్యాక కూడా వయసును బట్టి లెక్క మారుతుంది. 19 నుంచి 64 ఏళ్ళ వారికి పేదరిక రేఖలో 138 శాతం లోపు ఆదాయం ఉంటే చాలు, ఆస్తి చూడరు. 65 దాటినవారికి బ్యాంకు పొదుపు కూడా లెక్కిస్తారు. అప్పటికి అమ్మగారికీ 65 నిండుతాయి కనుక ఇద్దరి పేరునా ఇక్కడ గానీ ఇండియాలో గానీ ఉన్న డిపాజిట్లు దాచకుండా చూపాలి.

ఈలోగా ప్రాణాపాయం వస్తే ఆలస్యం చేయవద్దు. 1986 నాటి చట్టం ప్రకారం అత్యవసర విభాగం వారు డబ్బు సంగతి పక్కనపెట్టి పరీక్షించి, పరిస్థితి నిలకడపడేవరకు చికిత్స చేయాలి. అత్యవసర చికిత్సకు ఇచ్చే మెడికెయిడ్‌కు ఐదేళ్ళ గడువు వర్తించదు, మిగతా అర్హతలు ఉంటే చాలు. ఆసుపత్రి బిల్లు వస్తే ‘చారిటీ కేర్’ దరఖాస్తు అడగండి. న్యూజెర్సీలో ఆదాయం, ఆస్తి పరిమితుల్లో ఉన్నవారికి అది బిల్లును పూర్తిగానో కొంతో తగ్గిస్తుంది.

మామూలు వైద్యానికి ‘గెట్ కవర్డ్ న్యూజెర్సీ’ అనే రాష్ట్ర బీమా మార్కెట్‌లో బీమా కొనండి. గ్రీన్ కార్డు ఉన్నవారికి దానికి నిరీక్షణ లేదు, పాత జబ్బు ఉందని కాదనే వీలూ లేదు. అయితే మీ పన్ను పత్రంలో వాళ్ళను ఆధారితులుగా చూపిస్తే ప్రీమియంలో ప్రభుత్వం ఇచ్చే రాయితీ లెక్కలో మీ జీతం కలుస్తుంది. 2026 నుంచి, పేదరిక రేఖకు దిగువన ఉండి ఐదేళ్ళు నిండనివారికి రాయితీ ఆగిపోయింది. పూర్తి ప్రీమియం కట్టవలసి రావచ్చు. భారమే, కానీ ఆ వయసులో బీమా లేకుండా ఉంచవద్దని నా మాట.

నాన్నగారికి మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవారికి ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా) అనే మరో అవకాశం ఉంది. 65 దాటి, ఐదేళ్ళు వరుసగా ఇక్కడే నివసించిన గ్రీన్ కార్డుదారులు ప్రీమియం కట్టి అందులో చేరవచ్చు. ఇక్కడ ‘వరుసగా’ అన్న మాట ముఖ్యం. చలికాలం వస్తే ఊరికి వెళ్ళి ఏడెనిమిది నెలలు ఉండిపోవడం మన పెద్దవాళ్ళకు అలవాటు. ఈ రెండేళ్ళు ఆ ప్రయాణాలు ఆరు నెలల లోపే ముగిసేలా చూడండి. పౌరసత్వానికీ అదే మంచిది.