కుక్కకి ఏసీ కంటే ముందు వాకింగ్ టైమ్ సంగతి చూడండి

ఎండాకాలంలో కుక్కకి ఏసీ తప్పనిసరా అని అడిగారు. గాలి ఆడే గది, చల్లటి గచ్చు, గిన్నె నిండా నీళ్ళు ఉంటే చాలా కుక్కలకి సరిపోతుంది. కానీ సాయంత్రం ఎన్నింటికి బయటికి తీసుకెళ్తున్నారు? నన్నడిగితే వడదెబ్బ ఇంట్లో కంటే వాకింగ్‌లోనే ఎక్కువ తగులుతుంది.

మాది పగ్, అణిగిన ముక్కు జాతి కుక్క, వాడికి అప్పుడు ఆరేళ్ళు. ఐదింటికి నీడ పడింది కదా అని తీసుకెళ్ళాను, నీడైతే పడింది గానీ రోడ్డు ఇంకా కాలుతూనే ఉంది, అది నేను చూసుకోలేదు. పది నిమిషాలకి వాడు గురగురమని రొప్పుతూ, నాలుక చివర గరిటెలా వెడల్పై, చొంగ తీగలు సాగుతూ నడుస్తున్నాడు, ఇంకో నాలుగడుగులకి వెనక కాళ్ళు తూలి పడిపోయాడు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు ముదురు ఎరుపు. ఎత్తుకుని ఇంటికి పరిగెత్తా. ఫోన్ చేస్తే ఒక క్లినిక్ వాళ్ళు తడి టవల్ చుట్టి తీసుకురండి అన్నారు, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది, చుట్టిన టవల్ కాసేపటికే వేడెక్కి ఒంట్లో వేడిని బయటికి పోనివ్వదు. మేం మామూలు కుళాయి నీళ్ళు మగ్గులతో పోస్తూనే ఉన్నాం, చెల్లి అట్టముక్కతో విసిరింది, తర్వాత తడి ఒంటితోనే వేరే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. అప్పటికీ 41 డిగ్రీలుంది, మామూలుగా 39 చుట్టుపక్కల ఉండాలి. నీళ్ళు పోసి తెచ్చారు కాబట్టే దక్కాడు అన్నారాయన. లేచి తిరుగుతున్నా రెండు రోజులు కిడ్నీ టెస్టులు చేశారు, లోపలి దెబ్బ ఆలస్యంగా బయటపడుతుందట.

కుక్కకి చెమట పాదాల అడుగునే, అదీ కాస్తే, మిగతా వేడంతా రొప్పడంతోనే పోవాలి. అలాంటి జంతువుకి ముద్దుగా ఉంటుందని ముక్కు అణిగిపోయేలా తరాల తరబడి పెంచుకుంటూ వచ్చారు చూడండి, అది నాకు అస్సలు నచ్చదు. ఒత్తు బొచ్చు కుక్కలకి గుండు కొట్టించేవాళ్ళు ఇంకో రకం, ఆ బొచ్చే ఎండని చర్మం దాకా రానివ్వదు, దువ్వి ఊడిన బొచ్చు తీసేస్తే చాలు.

వీధి కుక్కలు బతకట్లేదా అంటారు కొందరు. వీధి కుక్క మిట్టమధ్యాహ్నం వాకింగ్‌కి పోదండీ, నీడ చూసుకుని పడుకుంటుంది. మన కుక్క మెడకి పట్టీ ఉంది, చేతగాకపోయినా మన వెనకే వస్తుంది.

మీది కూడా అణిగిన ముక్కుదో, ముసలిదో, లావుదో అయితే ఏసీ పెట్టండి, వెనకాడొద్దు. మేమిప్పుడు తెల్లారకముందే వెళ్తున్నాం, రాత్రి ఎనిమిది దాటాక ఇంకోసారి. ముందు అరచేతి వెనకవైపు రోడ్డుకి ఆనించి ఏడు లెక్కపెడతాను, మధ్యలో చెయ్యి తీసేస్తే ఆ రోజు వాకింగ్ లేదు. నేను వంగి చెయ్యి పెట్టేదాకా వాడు గేటు దగ్గరే ఆగుతాడు.