పాఠకుల ప్రశ్నలు – జవాబులు: కొండ పక్క ఊళ్లలో ఎండ లెక్క

ప్రశ్న: మా ఇల్లు కడప నగరానికి దక్షిణాన, పాలకొండల అంచుకు దగ్గరలో ఉంది. మా చెల్లెలి వాళ్లు ఉత్తరాన, పెన్న వైపు పొలాల మధ్య ఉంటారు. పత్రికలో కడపకంతటికీ ఒకే ఉష్ణోగ్రత వేస్తారు. మే నెలలో రాత్రి తొమ్మిదింటికి వాళ్ల మిద్దె మీద హాయిగా పడుకోగలుగుతాం, మా మిద్దె మీద మాత్రం కాలు మోపలేం. కొండకు ఉత్తరం వైపు చల్లగా ఉంటుందని మా అబ్బాయి ఏదో పుస్తకంలో చదివాడట. మరి మాకెందుకు ఇంత సెగ? ఇలాంటి తేడాలను పటంగా గీయవచ్చా?
— ఒక గృహిణి, కడప

జవాబు: అమ్మా, ముందుగా పత్రికలో వచ్చే అంకె సంగతి చూద్దాం. వాతావరణ కేంద్రంలో నేలకు సుమారు 1.2 మీటర్ల ఎత్తున, గాలి ఆడే తెల్లని పెట్టెలో, నీడపట్టున ఉంచిన ఉష్ణమాపకం చూపే గాలి వేడి అది. అన్నిచోట్లా ఒకే తీరున కొలిస్తేనే ఈ ఏటిని నిరుటితో, కడపను కర్నూలుతో పోల్చగలం కనుక ఆ పద్ధతి సరైనదే. మైదానాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండి మామూలు కంటే 4.5 డిగ్రీలు పెరిగినా, లేక నేరుగా 45 డిగ్రీలకు చేరినా భారత వాతావరణ శాఖ వడగాడ్పుగా లెక్కించడం ఆ అంకెను బట్టే జరుగుతుంది. అయితే మీ బండల మిద్దె, పడమటి గోడ, ఇంటి వెనుక గుట్ట పగలంతా ఎంత ఎండను తాగి రాత్రికి ఎంత వదులుతాయన్నది ఆ పెట్టె చెప్పే విషయం కాదు.

మీ అబ్బాయి చదివిన మాట అబద్ధం కాదు, కానీ అది యూరప్ వంటి ఉత్తరపు దేశాలకు సరిపోయే మాట. అక్కడ ఏడాది పొడవునా నడి మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాననే ఉంటాడు. కడప సుమారు 14.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. ఏప్రిల్ నెలాఖరున మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి వచ్చి, అక్కడి నుంచి ఆగస్టు రెండో వారం దాకా నడినెత్తికి ఉత్తరంగానే నడుస్తాడు. రోళ్లు పగిలే రోహిణి కార్తె మొత్తం ఈ కాలంలోనే వస్తుంది. 20 డిగ్రీల వాలున్న రెండు కొండ చరియలను ఊహించుకోండి. మే 20న నడి మధ్యాహ్నం, ఉత్తరానికి చూసే చరియపై నేరుగా పడే ఎండ దక్షిణానికి చూసే చరియ కంటే సుమారు 7 శాతం ఎక్కువగా ఉంటుంది. డిసెంబరు 21న లెక్క పూర్తిగా తిరగబడి, దక్షిణపు చరియకు ఉత్తరపు చరియ కంటే సుమారు 1.8 రెట్ల ఎండ దక్కుతుంది. కాబట్టి మీ ఇంటి వైపు చూసే చరియ చలికాలంలో చల్లనిదే, మీరు బాధపడే మే నెలలో మాత్రం కాదు.

మన వేసవికి ఉత్తర దక్షిణాల కంటే తూర్పు పడమరల తేడా చాలా పెద్దది. అదే మే 20న సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో సూర్యుడు నేలకు సుమారు 33 డిగ్రీల ఎత్తులో, పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటాడు. కిరణాలకు నిటారుగా నిలబెట్టిన పలకపై పడే ఎండను 100 అనుకుంటే, చదును నేలకు 54, 20 డిగ్రీల వాలుతో పడమరకు చూసే చరియకు 79, తూర్పుకు చూసే చరియకు 23 వస్తాయి. నిలువుగా ఉన్న పడమటి గోడకు ఏకంగా 81 వస్తుంది, అంటే ఆ వేళకు మిద్దె కంటే గోడే ఎక్కువ ఎండను తాగుతోంది. తూర్పు చరియకు కూడా పొద్దున ఇంతే ఎండ తగులుతుంది, కానీ అప్పటికి గాలి ఇంకా వేడెక్కి ఉండదు. పడమటి చరియకు ఎండ తగిలేసరికి గాలి ఆనాటి గరిష్ఠ వేడిలో ఉంటుంది, చీకటి పడేలోగా చల్లారే వ్యవధి కూడా ఉండదు. పడమటి గోడకు మంచం వేయకూడదని మన ఇళ్లలో పెద్దలు చెప్పేది ఇందుకే.

రాత్రి సంగతి మరొకటి. తొమ్మిదింటికి మీ మిద్దె బండపై ఒక అరచేతిని, పెరట్లో పొద్దున తడిపిన మట్టిపై ఇంకొక అరచేతిని ఆనించి చూడండి. మట్టి అప్పటికే చల్లబడి ఉంటుంది, బండ మాత్రం లోపల దాచుకున్న పగటి వేడిని ఇంకా పైకి పంపుతూనే ఉంటుంది. మీ వెనుక కొండ కూడా ఒక పెద్ద బండే. దానిపై ఉన్న అడవిలో వేసవికి ఆకు రాల్చే చెట్లు ఎక్కువ కనుక, నీడ అత్యవసరమైన రోజుల్లోనే రాయి ఎండకు బయటపడుతుంది. పైగా కొండ మీకు ఒక పక్క ఆకాశాన్ని కమ్మేస్తుంది. రాత్రి నేల చల్లబడేది తన వేడిని పొడి ఆకాశంలోకి వదిలినప్పుడే. మీకు కనిపించే ఆకాశం తక్కువ, అడ్డుగా ఉన్నది వేడెక్కిన రాయి. మీ చెల్లెలి ఇంటి చుట్టూ ఆకాశం నలువైపులా తెరిచి ఉంటుంది, బోరు నీటితో మడి తడిస్తే ఎండలో కొంత భాగం నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి పట్టే వేడి, అదే నీటిని గది వేడి నుంచి మరిగేదాకా కాచడానికి పట్టే వేడికి సుమారు ఎనిమిది రెట్లు.

పటం గీయడం తప్పక సాధ్యమే, దాని గురించి తరువాతి ప్రశ్నకు జవాబులో వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: నేను సిద్ధవటం మండలంలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడిని. మా పిల్లలతో మా ఊరి వేడి పటం తయారు చేయించాలని ఉంది. ఉపగ్రహ చిత్రంలో ఎర్రగా కనిపించే చోటే వేడి ఎక్కువ అనుకుంటే సరిపోతుందా?
— ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, సరిపోదు. ఈ పొరపాటు పెద్ద పెద్ద నివేదికల్లో కూడా దొరలుతుంది కనుక కాస్త విస్తరించి రాస్తాను. ఉచితంగా దొరికే వాటిలో ఎక్కువమంది వాడేది అమెరికా ఉపగ్రహమైన లాండ్‌శాట్ తీసే చిత్రం. ఆ ఉపగ్రహం మన మీదుగా వెళ్లేది ఉదయం పదిన్నర ప్రాంతంలో. ఆ వేళకు తూర్పు చరియలు కాగి ఉంటాయి, పడమటి చరియలపై ఎండ ఇంకా సరిగ్గా వాలి ఉండదు. ఆ ఒక్క చిత్రాన్ని నమ్మితే తూర్పు అంచున ఉన్న వీధులకు ఎరుపు రంగు వేసి, సాయంత్రం ఉడికిపోయే పడమటి వీధులను వదిలేస్తాం. రెండో విషయం, ఉపగ్రహం చూసేది నేల ఉపరితలపు వేడిని, మనిషి పీల్చే గాలి వేడిని కాదు. మూడోది, లాండ్‌శాట్ 8, 9 ఉపగ్రహాల ఉష్ణ చిత్రంలో ఒక్కో గడి (చిత్రంలోని ఒక్కో చుక్క కప్పే నేల) అసలు కొలత 100 మీటర్లు, అందులో సందులూ గొందులూ విడిగా కనిపించవు.

అందువల్ల భూమి ఆకారంతో మొదలుపెట్టడం మంచిది. 2005లో ఇస్రో పంపిన కార్టోశాట్-1 చిత్రాల నుంచి తయారైన ఎత్తుల పటం భువన్ వెబ్‌సైటులో దొరుకుతుంది, 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక రాడార్‌తో కొలిచిన ఎత్తులు కూడా ఉచితమే. రెండింటిలోనూ ఒక్కో గడి సుమారు 30 మీటర్లు. పటాలు గీసే ఉచిత సాఫ్ట్‌వేరైన క్యూజీఐఎస్‌లో వీటిని తెరిస్తే ప్రతి గడికీ ఎత్తు ఎంత, వాలు ఎంత, ఆ వాలు ఏ దిక్కుకు చూస్తోంది, ఏ వేళకు ఏ కొండ నీడ దానిపై పడుతుంది అన్నవి లెక్కగట్టవచ్చు. పడమట ఉన్న కొండ అంచు కంటికి 10 డిగ్రీల ఎత్తున కనిపించే ఊరికి పొద్దు సుమారు నలభై నిమిషాలు ముందుగానే గుంకుతుంది. వేసవిలో ఆ నలభై నిమిషాలు చిన్న మేలు కాదు. లెక్కను మే నెలకు, డిసెంబరుకు విడివిడిగా, ఉదయానికి, సాయంత్రానికి విడివిడిగా చేయించండి. ఏడాది సగటు తీస్తే పైన చెప్పిన తేడాలన్నీ ఒకదానినొకటి కప్పేసుకుంటాయి.

ఎత్తు ప్రభావాన్ని పిల్లలు సులభంగా పట్టుకుంటారు. కిలోమీటరు పైకి వెళ్తే గాలి సగటున 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. కడప సుమారు 140 మీటర్ల ఎత్తున, హార్స్‌లీ కొండలు సుమారు 1,265 మీటర్ల ఎత్తున ఉన్నాయి కనుక తేడా దాదాపు ఏడు డిగ్రీలు వస్తుంది. ఒకప్పటి కడప కలెక్టరు హార్స్‌లీ వేసవికి అక్కడికి చేరడంలో ఉన్న లెక్క ఇదే. ఒకే ఊరిలో వంద మీటర్ల ఎత్తు తేడాకు మాత్రం ముప్పావు డిగ్రీ కూడా రాదు. అక్కడ వాలు, నీడ, బండ, తడి ఇవే నిర్ణయిస్తాయి.

లెక్కతో వచ్చిన పటాన్ని నేల మీద సరిచూడాలి. నాలుగైదు చోట్లు ఎంచుకోండి: కొండ పాదం, వంక ఒడ్డు, బండల ఇళ్లున్న వీధి, తోట, ఖాళీ బీడు. ఒకే రకం ఉష్ణమాపకాలను వాడండి. కొలవడం మొదలుపెట్టే ముందు అన్నింటినీ ఒకే గదిలో ఒక రాత్రి ఉంచి, అవి ఒకే అంకె చూపుతున్నాయో లేదో రాసుకోండి, ఈ పని చేయనివారి కొలతలకు విలువ లేదు. నేలకు 1.2 మీటర్ల ఎత్తున, ఎండ తగలకుండా, గాలి ఆడేలా కట్టండి. తెల్లవారుజామున ఐదింటికి, సాయంత్రం ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి కనీసం పది రోజులు చూడాలి. మధ్యాహ్నం మూడింటి కొలత కూడా కావాలి, కానీ దానికోసం పిల్లలను ఎండలోకి పంపవద్దు. గరిష్ఠాన్ని తనంతట తానే గుర్తుపెట్టుకునే ఉష్ణమాపకం ఆ పని చేస్తుంది. చలికాలంలో కూడా ఒక వారం కొలిస్తే, రాత్రి చల్లగాలి బరువెక్కి వాలు వెంట దిగి వంకలో చేరడం అంకెల్లో కనిపిస్తుంది.

ప్రశ్న: మా పంచాయతీలో ఈ వేసవికి చలివేంద్రాలు, నీడ పందిళ్లు పెట్టాలి. డబ్బు తక్కువ. ఇలాంటి పటం మాకు నిజంగా పనికొస్తుందా?
— ఒక వార్డు సభ్యుడు, చింతకొమ్మదిన్నె మండలం

జవాబు: డబ్బు తక్కువైనప్పుడే ఎక్కువ పనికొస్తుంది. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేలకు పైగా ప్రాణాలు వడదెబ్బకు పోయాయి. 2010లో వడగాడ్పులకు దెబ్బతిన్న అహ్మదాబాద్ 2013లో వేడి నుంచి రక్షణ ప్రణాళికను అమలులోకి తెచ్చి దేశానికి దారి చూపింది. మన రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఇప్పుడు మండలాల వారీగా వడగాడ్పు హెచ్చరికలు ఇస్తోంది. మండలం దాకా వచ్చిన ఆ సమాచారాన్ని వీధి దాకా తీసుకెళ్లేది మీ పటమే. సాయంత్రం ఎండ వాలే వీధులు, రాత్రికి చల్లారని బండల ఇళ్లు, వాటిలో ఒంటరిగా ఉండే ముసలివారు, ఈ మూడూ కలిసిన చోటు మీ మొదటి పందిరికి తగిన చోటు. ఉపాధి హామీ పనులు కొండ వాలుపై జరుగుతుంటే ఉదయం పడమటి వాలున పని పెట్టించండి, ఎండ అక్కడికి ఆలస్యంగా చేరుతుంది.

పందిరి వేసినా, వేప మొక్క నాటినా దిక్కు చూసుకోండి. మే చివరలో సాయంత్రం నాలుగింటికి నీడ వస్తువు ఎత్తుకు సుమారు ఒకటిన్నర రెట్ల పొడవున, తూర్పుకు కాస్త దక్షిణంగా పడుతుంది. ఆరు మీటర్ల చెట్టు నీడ తొమ్మిది మీటర్ల అవతలికి చేరుతుంది. కనుక బస్సు కోసం జనం నిలబడే చోటికి పడమరగా, కొంచెం ఉత్తరానికి జరిపి, ఐదారు మీటర్ల దూరంలో గుంత తీయించండి. పందిరికైతే పైకప్పు ఒక్కటే చాలదు, పడమటి వైపు తడికె కూడా కట్టించండి.