కుళాయి పైపు కోసం చీటీ పాడాలా, ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: మాది విజయవాడ భవానీపురం. 1991లో కట్టించిన ఇల్లు. కింద మేముంటున్నాం, పై వాటా 9,000కి అద్దెకిచ్చాం. మావారు రిటైరై నాలుగేళ్లయింది. రోడ్డు మీది మెయిన్ లైను నుంచి సంపు దాకా, ఇంట్లోనూ అన్నీ పాత జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపులే. పొద్దున నీళ్లు వదిలిన కాసేపు ఎర్రగా వస్తున్నాయి, ఒక్కోరోజు వాసన కూడా. ఈ ఏడాది రెండుసార్లు లీకులు కట్టించాం, ప్రతిసారీ 3,500 అయింది. తాగడానికి రోజూ రెండు క్యాన్లు, క్యాను 20 రూపాయలు. మొత్తం పైపులు మార్చడానికి ప్లంబరు 1,38,000 చెప్పాడు. 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. 7.1 శాతానికి ఏడాదిన్నరకు వేశాం, ఇంకా ఆరు నెలలుంది. 2 లక్షల చీటీ కడుతున్నాను. 20 నెలల్లో 8 పాటలయ్యాయి, పోయిన నెల 42,000 తగ్గింపుకి పోయింది. అబ్బాయి పర్సనల్ లోన్ తీసి ఇస్తానంటున్నాడు. మావారేమో ఇంకో ఏడాది లాగిద్దామంటారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు వాసన గురించి రాసిన మాట దగ్గరే ఆగిపోయాను. ఎరుపు తుప్పుది. జీఐ పైపు లోపలి జింకు పూత పోయాక ఇనుము తుప్పు పట్టి గడ్డలు కడుతుంది. పాత ముక్క ఒకటి కోయించి చూడండి, మధ్యలో పెన్సిలు దూరేంత సందు కూడా మిగలని పైపులు ఉంటాయి. కానీ వాసన వస్తోందంటే బయటి మురుగు లోపలికి చేరుతోందని అనుమానించాల్సిందే. నీళ్లు ఆపేశాక పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు చిల్లు ఉన్నచోట పక్క కాలువలోని నీటిని లోపలికి లాక్కుంటుంది. కుళాయి లైనుకే నేరుగా మోటారు బిగిస్తే ఆ లాగుడు ఇంకా ఎక్కువ. మీకు అలా ఉంటే ముందు అది తీయించండి. విద్యాధరపురం హెడ్ వాటర్ వర్క్స్‌లో కృష్ణ నీటిని ఎంత శుభ్రం చేసి పంపినా, మీ గేటు ముందున్న కొద్ది అడుగుల పైపు చాలు దాన్ని పాడుచేయడానికి.

2018 మార్చిలో గుంటూరు ఆనందపేట వైపు తాగునీటిలో మురుగు కలిసి, అతిసారంతో మనుషులు చనిపోయారు. అందుకే మీవారి ‘ఇంకో ఏడాది’కి నేను ఒప్పుకోలేను. క్యాను నీళ్లు తాగుతున్నా పళ్లు తోముకోవడం, కూరగాయలు కడగడం కుళాయి నీళ్లతోనే కదా. పై వాటా వాళ్లు క్యాన్లు కొంటున్నారో లేదో మీరు రాయలేదు. వాళ్ల ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈరోజే చెప్పండి, నీళ్లు కాచి తాగమనండి.

లాగిద్దామన్నా అదీ ఉచితం కాదు. క్యాన్లకు నెలకు 1,200 చొప్పున ఏడాదికి 14,400, లీకులకు 7,000. మొత్తం 21,400. పైగా తుప్పు పట్టిన పైపుకు ఒకచోట అతుకు వేస్తే ఇంకో బలహీనమైన చోట కారుతుంది.

అయితే 1,38,000 ఒక్కసారే పెట్టక్కర్లేదు. ప్లంబరు చేత ఎస్టిమేటు రెండు భాగాలుగా రాయించండి: మెయిన్ లైను నుంచి సంపు దాకా పైపు, వంటింటి తాగునీటి కుళాయి మొదటిది; పై ట్యాంకు నుంచి దిగే లైన్లు, బాత్రూములు రెండోది. మొదటిది మూడో వంతు, అంటే 46,000 దాకా అవుతుందనుకుందాం. ప్రమాదమంతా ఆ ముక్కలోనే ఉంది, అది ఈ నెలలోనే చేయించండి. బాత్రూముల టైల్స్ పగలగొట్టే పని వేరు, ఆరు నెలలు ఆగినా నష్టం లేదు.

ఇక డబ్బు. చీటీ మాత్రం పాడొద్దు. 42,000 తగ్గించి పాడితే చేతికొచ్చేది 1,58,000. నిర్వాహకుల కమిషన్ 10,000 ఎలాగూ పోయేదే అనుకుని తీసేసినా, మీకు 32,000 నష్టం. చివరిదాకా ఉంటే పదకొండు నెలల్లో వచ్చేసే డబ్బు అది. లెక్క వేస్తే నూటికి నెలకు రూపాయి ఎనభై పైసలకు పైనే పడుతుంది. ఆ వడ్డీకి బయట అప్పు తెస్తానంటే మీరే ఊరుకోరు. అబ్బాయి లోన్ కూడా వద్దు. 13 శాతానికి మూడేళ్లకు 1,38,000 తీసుకుంటే వడ్డీయే 29,000 దాటుతుంది, ప్రాసెసింగ్ ఫీజు అదనం. కొడుకు ముందుకు రావడం సంతోషమే. అయినా మీ దగ్గర ఉన్న డబ్బు ఉండగా అతనికి మూడేళ్లు ఈఎంఐ టెన్షన్ ఎందుకు?

ఎఫ్‌డీని రద్దు చేయకుండా, దాని మీదే 50,000 లోన్ తీసుకోండి. బ్యాంకులు సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీ కంటే 1 నుంచి 2 శాతం ఎక్కువ వేస్తాయి. 8.1 శాతం అనుకుంటే ఆరు నెలలకు 2,025 రూపాయలు. అదే సమయంలో మీ 4 లక్షలకూ 7.1 శాతం వస్తూనే ఉంటుంది. రద్దు చేస్తే, చాలా బ్యాంకుల్లో ఉన్నట్టు 1 శాతం కోత పెడితే, గడిచిన ఏడాదికే 4,000 పోతుంది. మెచ్యూర్ అయ్యాక లోన్ తీర్చి, రెండో పనికి 92,000 తీసి, మిగిలింది మళ్లీ వేసుకోండి.

ఆదాయపు పన్ను లెక్కలో అద్దె నుంచి మున్సిపల్ పన్ను పోగా మిగిలిన దాంట్లో 30 శాతం మినహాయింపు ఉంటుంది. ఖర్చు ఎంతైనా అంతే, కాబట్టి ఈ బిల్లులు విడిగా చూపలేరు. మీ అద్దెకు అది ఏడాదికి సుమారు 32,000. ఇన్నేళ్లూ అద్దెనంతా ఇంటి ఖర్చులోనే కలిపేశారనుకుంటాను. ఇకనుంచి నెలకు 1,500 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ముప్పై ఏళ్లు దాటిన ఇల్లు, ఈసారి పైపైతే వచ్చేసారి స్లాబు లీకేజీ.

పని మొదలుపెట్టే ముందు వార్డు సచివాలయంలో ఒక మాట అడగండి: మీ వీధిలో మెయిన్ లైను మార్చే పనిగానీ, కొత్త రోడ్డుగానీ ఉందా అని. సిమెంటు రోడ్డు వేశాక తవ్వితే రోడ్డు కటింగ్ చార్జీలు మళ్లీ మీ నెత్తినే. పక్కింటివాళ్లవీ అంత పాత పైపులే అయి ఉంటాయి, కలిసి తవ్విస్తే కూలీ పంచుకోవచ్చు. నేలలో వేసే హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు మీద ఐఎస్ (భారతీయ ప్రమాణం) 4984, ఇంట్లోని సీపీవీసీ ప్లాస్టిక్ పైపు మీద ఐఎస్ 15778 ముద్ర ఉందో లేదో మీరే చదివి చూడండి. మధ్యలో పాత జీఐ ముక్క ఒక్కటి కూడా వదలనివ్వొద్దు, మెయిన్ దగ్గరి జాయింటుతో సహా మార్పించండి. గుంత పూడ్చకముందే నీళ్లు వదిలి జాయింట్లు చూపించమనండి. సంపు కడిగించి, కుళాయి నీటిలో క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గలేదని మున్సిపల్ సిబ్బంది పరీక్ష చేసి చెప్పాకే ప్లంబరుకు చివరి విడత ఇవ్వండి.