పెట్టె మీది వాట్లు చూసి మోసపోకండి

ప్రశ్న: తిరుపతి భవానీ నగర్‌లో చిన్న ఫొటో స్టూడియో నడుపుతున్నాను. ఎక్కువగా పెళ్లి ఆల్బమ్‌లు, అప్పుడప్పుడు వీడియో ఎడిటింగ్. కంప్యూటర్‌కు ఇంటెల్ ఐ5-12400 ప్రాసెసర్ చాలా, ఐ5-13600కె తీసుకోవాలా? కరెంటు బిల్లు భయం కూడా ఉందండీ.

జవాబు: మీ పనికి 12400 చాలు. ఆరు కోర్లు (ప్రాసెసర్‌లో పనిచేసే భాగాలు), 12 థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనుల వరుసలు) ఆల్బమ్ పనికి ధారాళం. 13600కెలో 14 కోర్లు. వీడియో రెండరింగ్ (ఎడిట్ చేసినదాన్ని చివరి వీడియోగా తయారుచేయడం) త్వరగా ముగుస్తుంది, కాదనను. పెట్టె మీది 65, 125 వాట్లు మూల వేగం దగ్గరి లెక్కలు. పూర్తి భారం పడితే 12400 గరిష్ఠంగా 117, 13600కె 181 వాట్లు లాగుతాయి. తేడా 64 వాట్లు. రోజుకు రెండు గంటలు రెండరింగ్ పెట్టినా నెలకు నాలుగు యూనిట్లు దాటదు. కనుక బిల్లు గురించి దిగులు వద్దు.

అసలు చిక్కు వేడితో. నిరుడు మే నెలలో నా కంప్యూటర్ మూత తీసి చూస్తే, కూలర్ రేకుల మధ్య దుమ్ము దూదిలా పేరుకుని ఉంది. వేడెక్కిన ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటోంది! పైగా 13600కె పెట్టెలో కూలర్ రాదు. అది విడిగా కొనాలి, మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే భాగం) కూడా గట్టివి కావాలి. ఆ డబ్బుతో 32 జీబీ ర్యామ్, మంచి ఎస్‌ఎస్‌డీ వేయించుకోండి.

ధర తక్కువని 12400ఎఫ్ మాత్రం తీసుకోకండి. అందులో గ్రాఫిక్స్ ఉండదు, వేరే కార్డు లేనిదే తెర మీద బొమ్మ రాదు.