సర్కారు రోడ్డే, కానీ మీకు బిల్లు ఇచ్చేది సర్కారు కాదు

దేవరకద్ర నుంచి ఒక పాఠకుడు రాశారు. రెండు టిప్పర్లున్నయ్, ఈఎంఐ నెలకు 48 వేలు. హామ్ (హైబ్రిడ్ యాన్యుటీ మోడల్, అంటే ఖర్చు కొంత ప్రభుత్వం, మిగతాది కంపెనీ పెట్టి కట్టే) పద్ధతిలో వేస్తున్న ఒక హైవే ప్యాకేజీలో సబ్ కాంట్రాక్టర్ కింద మట్టి పని దొరికిందట, 4 లక్షల ఎఫ్‌డీ తీసేసి, నాయన కట్టిన ఇల్లు కుదవపెట్టి ఇంకో 15 లక్షలు రెండు రూపాయల మిత్తికి తెచ్చి మట్టి తవ్వే ప్రొక్లైన్ కొంటా, "గవర్నమెంట్ పని కదా సార్, పైసలు ఎక్కడికి పోతయ్" అంటున్నారు. మన పాలమూరు, నల్లగొండ వైపు ఇదే ధీమాతో అప్పుల్లో దిగేవాళ్లు చాలామంది, అందుకే జవాబు రాస్తున్నా.

పైసలు పోవు, సరే. మీ దాకా ఎప్పుడొస్తయ్? హైవేల హామ్‌లో కట్టేటప్పుడు ప్రభుత్వం ఇచ్చేది ఖర్చులో 40 శాతమే, అదీ పని ఇంత అయిందని తేలాక విడతలుగా. మిగతా 60 శాతం కంపెనీ తన డబ్బు, బ్యాంకు అప్పు పెట్టి కట్టాలె, అది రోడ్డు పూర్తయ్యాక ఆరు నెలలకోసారి చొప్పున ఏళ్ల తరబడి తిరిగొస్తది. మధ్యలో ఎక్కడో భూసేకరణ ఆగినా, కరెంటు స్తంభాలు జరపకపోయినా పని శాతం పెరగదు, విడత రాదు, కంపెనీ పెద్ద కాంట్రాక్టర్‌కి ఆపుతది, ఆయన సబ్‌కి ఆపుతడు, సబ్ మీకు ఆపుతడు. మీ కింద ఆపడానికి ఎవరూ లేరు, డ్రైవరూ డీజిల్ బంకూ తప్ప.

పెద్ద కంపెనీలకే ఇబ్బందులు తప్పవు. హైదరాబాద్–విజయవాడ హైవే టోల్ మీద నడిచిన బీఓటీ, అంటే కంపెనీయే కట్టి, టోల్ వసూలు చేసుకొని, గడువు తీరాక అప్పగించే పద్ధతి. అనుకున్నంత ట్రాఫిక్ లేదని దాన్ని కట్టిన జీఎంఆర్ కంపెనీ నష్టపరిహారం కోసం కొట్లాడి, 2024లో గడువుకు ముందే రోడ్డును జాతీయ రహదారుల సంస్థ ఎన్‌హెచ్‌ఏఐకి అప్పగించి తప్పుకుంది. వాళ్లకు అగ్రిమెంట్లో క్లాజులున్నయ్, ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) ఉంది. మీ చేతిలో ఉన్నవి ట్రిప్ షీట్లు.

లెక్క చూడండి. 15 లక్షలకు నెల మిత్తే 30 వేలు, ఈఎంఐతో కలిపి 78 వేలు. బిల్లు నాలుగు నెలలు ఆగితే 3 లక్షల 12 వేలు, అసలు ఒక్క రూపాయి తగ్గకుండా. వానాకాలంలో మట్టి పని ఎట్లాగూ నడవదు, మిత్తి మాత్రం నడుస్తది. ఏడాదికి 24 శాతం మిత్తికి ఇల్లు పెట్టడం వ్యాపారం కాదండీ, అస్సలు చెయ్యొద్దు.

ఆ ఎఫ్‌డీని ముట్టుకోవద్దు. అదే మీ ఎమర్జెన్సీ ఫండ్. ఆరు నెలల ఈఎంఐ 2 లక్షల 88 వేలు, ఇంటి ఖర్చు నెలకు 30 వేలన్నారు కాబట్టి ఇంకో లక్షా 80 వేలు, అంటే 4 లక్షల 68 వేలు కావాలె. ఇంకా 68 వేలు తక్కువే ఉంది, మొదటి బిల్లు రాగానే ముందు అది నింపండి, తర్వాతే ఏదైనా.

ప్రొక్లైన్ గంటల లెక్కన కిరాయికి తెచ్చుకోండి. టర్మ్ పాలసీ (మీకేమన్నా అయితే ఇంటివాళ్లకు డబ్బొచ్చే బీమా) లేదన్నారు, తీసుకోండి. జడ్చర్లలో ఉన్న మీ ప్లాటు కూడా ఇప్పుడు అమ్మొద్దు.

వర్క్ ఆర్డర్‌లో "పైనుంచి బిల్లు వచ్చాకే చెల్లింపు" అనే లైను ఉందేమో చదవండి, ఉంటే పదిహేను రోజులకోసారి కొంతైనా ఇచ్చేటట్టు రాయించుకోండి, ఒప్పుకోకపోతే ఒక టిప్పరే పెట్టి రెండోది వేరే పనికి తిప్పండి. ఆ ఆర్డర్ కాగితమే ఇంకా చేతికి రాలేదని మీరే రాశారు, అది రాకుండా సైట్‌లోకి బండి దించకండి.