గేటు దగ్గరే జాగ్రత్త

ప్రశ్న: పెద్ద ఫైనల్ మ్యాచ్‌కి మా పదేళ్ల బాబుని తీసుకెళ్తున్నాను. తోపులాటలు, దొంగతనాలు జరుగుతాయని అందరూ భయపెడుతున్నారు. మానేయమంటారా?

జవాబు: మానేయొద్దమ్మా. స్టేడియం గేట్ల దగ్గర చాలా ఏళ్లు డ్యూటీ చేసినవాణ్ణి, నా మాట నమ్మండి. గొడవ ఎక్కువగా మొదలయ్యేది లోపల కాదు, గేటు బయట. 2021లో లండన్ వెంబ్లీలో యూరో కప్ ఫుట్‌బాల్ ఫైనల్‌కి టికెట్ లేనివాళ్లు దాదాపు 2,000 మంది చొరబడ్డారు. మరుసటి ఏడాది పారిస్‌లో యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ 36 నిమిషాలు ఆలస్యమైంది. టికెట్ ఉన్నవాళ్లు కూడా ఇరుకు దారిలో ఇరుక్కుపోయారు, బాష్పవాయువు పిల్లల మీదా పడింది. మ్యాచ్ అయ్యాక దొంగల ముఠాలు అభిమానుల్ని దోచుకున్నాయి. తప్పు మొదట అభిమానుల మీదకే నెట్టారు, అది వేరే కథ!

కాబట్టి రెండు గంటల ముందే చేరండి. జనం ఒత్తిడి పెరిగితే బాబుని మీ ముందుంచుకుని, ఎదురు నెట్టకుండా, తోపు కాస్త ఆగినప్పుడల్లా ఏటవాలుగా పక్కకి జరగండి. చెప్పు ఊడినా వంగొద్దు. వాడి జేబులో మీ నంబరు రాసిన చీటీ పెట్టండి.

ఇక దొంగలంటారా, గోల్ పడగానే ముక్కూమొహం తెలియనివాడు వచ్చి కౌగిలించుకుంటాడు చూడండి, వెనక జేబులో ఫోను మాయమయ్యేది అప్పుడే. అలా ఏడుస్తూ నా దగ్గరికి వచ్చినవాళ్లకి లెక్కలేదు. ఫోను ముందు జేబులో పెట్టుకోండి. టికెట్ ఫొటో మాత్రం మ్యాచ్ అయ్యేదాకా ఎవరికీ పంపకండి, దాని మీది కోడ్‌తో ఇంకొకడు మీకంటే ముందు లోపలికి పోతాడు.