ఉచితంగా గీసిచ్చిన లోగో ఎవరిది?

సందేహం: మేము పన్నెండు మందిమి కలిసి మూడేళ్లుగా హన్మకొండ, కాజీపేట ఫంక్షన్ హాళ్లలో మిగిలిన భోజనం సేకరించి, రాత్రిపూట వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి బయట రోగుల బంధువులకు పంచుతున్నాం. నిరుడు సొసైటీగా రిజిస్టర్ అయ్యాం. మొదట్లో మా కాలనీలో ఫ్లెక్సీ డిజైన్లు చేసే కుర్రవాడిని అడిగితే, డబ్బు తీసుకోకుండా లోగో గీసిచ్చాడు. విస్తరాకులో అన్నం ముద్ద, దానిపైన కాకతీయ తోరణం. ఈ మధ్య ఒక దాత వ్యాను కొనిచ్చారు. కృతజ్ఞతగా ఆయన దుకాణం పేరును తోరణం మధ్యలో చేర్చి వ్యాను మీద వేయించాం. అది చూసి ఆ అబ్బాయి నొచ్చుకున్నాడు. ‘నా బొమ్మ ఇక వాడవద్దు’ అంటున్నాడు. ఊరికే ఇచ్చినదాన్ని వద్దనే హక్కు అతనికి ఉందా?
— ఒక పాఠకురాలు, హన్మకొండ

సమాధానం: అమ్మా, మీకు నచ్చని మాటే ముందు చెప్పాలి. ఆ బొమ్మ మీద కాపీరైటు ఇప్పటికీ అతనిదే. కాపీరైటు చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం బొమ్మ గీసినవారే దానికి తొలి యజమాని. అతను మీ దగ్గర జీతానికి పనిచేస్తూ గీసి ఉంటే సంగతి వేరు. ఆ హక్కు మరొకరికి మారాలంటే అతని సంతకంతో రాతపూర్వకమైన పత్రం ఉండాలని 19వ సెక్షన్ చెబుతుంది. ‘తీసుకోండి, మీ కోసమే గీశాను’ అన్న నోటిమాటతో కాపీరైటు చేతులు మారదు. డబ్బిచ్చి గీయించుకున్నా, పత్రం లేకపోతే చాలావరకు ఇదే చిక్కు వస్తుంది.

అంటే రేపటినుంచి లోగో తీసేయాలా? అంత దూరం పోనక్కరలేదు. మీ సేవ కోసమే అడిగారు, అందుకోసమే అతను గీశాడు, మూడేళ్లు కళ్లముందే వాడుతుంటే అభ్యంతరం చెప్పలేదు. కాబట్టి వాడుకోవడానికి అనుమతి ఉన్నట్టేనని వాదించవచ్చు. అయితే లైసెన్సు, అంటే వాడుకునే అనుమతి కూడా రాతలోనే ఉండాలని 30వ సెక్షన్ అంటుంది కనుక ఆ వాదన మీద మరీ భరోసా పెట్టుకోకండి.

మీ పొరపాటు వ్యాను దగ్గర జరిగింది. 57వ సెక్షన్ కళాకారుడికి రెండు ప్రత్యేక హక్కులిచ్చింది. ఈ బొమ్మ నాదే అని చెప్పుకోవడం ఒకటి. తన గౌరవానికి, పేరుకు భంగం కలిగేలా బొమ్మను వికృతం చేస్తే అడ్డుకోవడం రెండోది. కాపీరైటును పూర్తిగా రాసిచ్చేసిన తర్వాత కూడా ఇవి అతని దగ్గరే ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం 1979లో గోడ నుంచి తీయించినప్పుడు అది దెబ్బతింది. 2005లో ఢిల్లీ హైకోర్టు ఈ సెక్షన్ ఆధారంగానే ఆ శిల్పాన్ని ఆయనకు తిరిగి ఇవ్వమని, ఐదు లక్షల రూపాయల పరిహారం చెల్లించమని తీర్పు చెప్పింది. రంగు కాస్త మార్చిన ప్రతిసారీ ఇది వర్తించదు. కానీ ఆకలిగొన్నవారి కోసం గీసిన బొమ్మ నడుమ దుకాణం పేరు పెడితే, గీసినవాడికి మనసు నొప్పి కలగడం సహజం. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఈ విషయంలో నేను ఆ అబ్బాయి వైపే ఉంటాను. దాత పేరు వ్యాను తలుపు మీద విడిగా రాయించండి. ఆయనకూ లోటుండదు.

అతనికి లేని హక్కు కూడా ఒకటుంది. మూడేళ్లుగా ఆ గుర్తును చూసి జనం చందాలిచ్చింది మీ సంస్థకు. రేపు అతను గానీ మరొకరు గానీ అదే గుర్తు వేసుకుని మీరేనని నమ్మించి విరాళాలు పోగుచేస్తే మీరు కోర్టుకు వెళ్లి ఆపించవచ్చు. గుర్తు రిజిస్టరు కాకపోయినా ఈ రక్షణ ఉంటుంది. పాత రసీదు పుస్తకాలు, తేదీలున్న ఫొటోలు పారేయకండి.

ముందు వ్యాను మీది బొమ్మ సరిచేయించి, తర్వాతే అతని ఇంటికి వెళ్లండి. మంచి మాటతో హక్కుల బదిలీ పత్రం అడగండి. లోగో ముద్రను దానికి జతచేసి, ఇలా రాయించండి: ‘ఇందుకు జతచేసిన లోగోను నేనే స్వయంగా రూపొందించాను. ఇందులోని కాపీరైటు హక్కులన్నిటినీ, ఆ కాపీరైటు కాలపరిమితి పూర్తయ్యేవరకు, ప్రపంచమంతటా వర్తించేలా ఫలానా సొసైటీకి బదిలీ చేస్తున్నాను. ఏడాదిలోగా వినియోగించకపోయినా ఈ బదిలీ రద్దు కాదు.’ ఈ మాటల్లో ఏదీ వృథా కాదు. కాలం రాయకపోతే బదిలీ ఐదేళ్లకే పరిమితం అవుతుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే చెల్లుతుంది. వాడని హక్కు ఏడాదికి తిరిగి అతనికే పోతుంది. లోగో గీసేనాటికి మీ సొసైటీ పుట్టలేదు కనుక దాని పేరు, రిజిస్ట్రేషన్ నంబరు తప్పనిసరిగా ఉండాలి. ప్రతిఫలంగా ఐదు వందలో వెయ్యో ఇచ్చి, ఆ మొత్తాన్ని పత్రంలో చూపండి. ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదన్న వాదన తర్వాత రాకుండా ఉంటుంది. లోగో గీసిన అసలు కంప్యూటర్ ఫైలు (కోరల్‌డ్రా లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోది) కూడా అప్పుడే తీసుకోండి. లోగో వేసే కరపత్రాల మీద ‘రూపకల్పన’ అని అతని పేరు వేస్తామని మీరే ముందుగా చెప్పండి.

మీరు అడగకపోయినా తోరణం గురించి చెప్పాలి. ఓరుగల్లు కోటలోని తోరణం ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా గీయవచ్చు. కానీ తెలంగాణ ప్రభుత్వ చిహ్నంలో ఉన్నదీ ఆ తోరణమే, దాని మధ్యలో చార్మినార్. గుండ్రటి చట్రం, చుట్టూ అక్షరాలు చేరితే మీది ప్రభుత్వ ముద్రలా కనిపించవచ్చు. 1950 నాటి చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం కింద అది ఇబ్బంది. గుర్తును మీ సంస్థదిగా రిజిస్టరు చేయించుకునే ట్రేడ్‌మార్కు దరఖాస్తునూ తిరస్కరిస్తారు. ఆసుపత్రి దగ్గర సేవ కదా అని తెల్లటి నేల మీద ఎర్ర శిలువ మాత్రం ఎన్నడూ చేర్చకండి. జెనీవా ఒప్పందాల చట్టం, 1960 దాన్ని నిషేధించింది.

పత్రం చేతికొచ్చాక సొసైటీ పేరుతో ట్రేడ్‌మార్కుకు దరఖాస్తు చేయండి. మన రాష్ట్రానికి చెన్నై కార్యాలయం. ట్రేడ్‌మార్కుల కోసం వస్తువులను, సేవలను తరగతులుగా విభజించారు; ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి రుసుము 9,000 రూపాయలు. భోజనం అందించే సేవలు 43వ తరగతిలోకి వస్తాయి. రిజిస్ట్రేషన్ పదేళ్లు ఉంటుంది, తర్వాత పొడిగించుకోవచ్చు.

అతను ఎంతకీ ఒప్పుకోకపోతే కేసు వేయడానికి తొందరపడకండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ ఇస్తే, దావా వేయకముందే ఇద్దరినీ పిలిచి లోక్ అదాలత్‌లో రాజీ కుదర్చడానికి ప్రయత్నిస్తారు. అక్కడ కుదిరిన ఒప్పందం కోర్టు డిక్రీతో, అంటే అమలు చేయించుకోదగిన తీర్పుతో సమానం. అప్పటివరకు కొత్త ఫ్లెక్సీలు, టీషర్టులు ముద్రించకండి. భోజనం పంచడం మాత్రం ఒక్క రాత్రి కూడా ఆపకండి.